కాశీరాజు తవ్వించిన ఇంగ్లీషు బావి

(రెడింగ్ పరిసరాల తెలుగు కుటుంబాల ఆదివారం సమావేశంలో, స్టోక్ రో విహారయాత్రకు ముందు, ఒక విశ్రాంత భూగర్భజలాల ఇంజనీరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు నుంచి ఎత్తి రాసినది.)

అందరికీ నమస్కారం. ముందు ఒక ప్రశ్న. మీలో కాశీ వెళ్లి వచ్చినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. బాగుంది, సగానికి పైనే ఉన్నారు. ఇప్పుడు రెండో ప్రశ్న. స్టోక్ రో వెళ్లి వచ్చినవాళ్లు? ఇద్దరు. అందులో ఒకరు మా కోడలు. నన్ను కారులో తీసుకువెళ్లింది కాబట్టి ఆమెను లెక్కలో వేసుకోకూడదు. అంటే ఒక్కరు.

చూడండి, కాశీ వేల మైళ్ల దూరం. స్టోక్ రో ఇక్కడికి అరగంట. వేల మైళ్లు వెళ్లి కాశీరాజు కోట చూసి వచ్చారు కానీ, అరగంట వెళ్లి కాశీరాజు తవ్వించిన బావి చూడలేదు. తప్పు పట్టడం లేదు. నేను కూడా ఇక్కడికి వచ్చిన నాలుగేళ్ల దాకా చూడలేదు. పైగా నేను ఉద్యోగం చేసినంత కాలం బావులు, బోర్లు తప్ప ఇంకో ప్రపంచం ఎరగను. నాకే ఆలస్యంగా తెలిసిందంటే సిగ్గుపడాల్సింది నేను.

స్టోక్ రో చిన్న ఊరు. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో, చిల్టర్న్ కొండల మీద, హెన్లీకి పడమటి దిక్కున ఉంటుంది. ఒక పెద్ద వీధి, చర్చి, బడి, అంగడి, చుట్టూ బీచ్ చెట్ల అడవి. ఇంగ్లీషు పల్లెటూరు ఎలా ఉంటుందని అడిగితే మనం చెప్పే బొమ్మ అదే. ఆ వీధిలో నడుస్తూ ఉంటే ఎడాపెడా ఇటుక ఇళ్లు, పూల కుండీలు. ఉన్నట్టుండి ఒక గుమ్మటం కనిపిస్తుంది. ఇనుప స్తంభాల మీద నిలబెట్టిన గుమ్మటం. దాని కింద నీళ్లు తోడే యంత్రం. యంత్రం మీద బంగారు రంగు ఏనుగు. ఇదేమిటి, ఇక్కడ ఏనుగు ఏమిటి? కారు ఆపమన్నాను. మా కోడలు, "మామయ్యగారూ, దీనికోసమే కదా వచ్చాం" అంది.

దగ్గరికి వెళ్తే గుమ్మటం అంచున ఇంగ్లీషు అక్షరాలు: మహారాజా ఆఫ్ బెనారస్ వారు ఈ బావిని ఇచ్చారు అని.

సరే. ఎందుకు ఇచ్చాడు? ఇది తెలియాలంటే ముందు నేల సంగతి తెలియాలి. కొంచెం ఓపిక పట్టండి, నా పాత వృత్తి అది, మాట్లాడకుండా ఉండలేను.

ఇంగ్లండులో వానకు లోటు ఏమిటి అని మీరు అనుకుంటారు. వానకు లోటు లేదు. చిల్టర్న్ కొండలు సుద్ద కొండలు. సుద్దముక్క మీద నీటి బొట్టు వేసి చూడండి, చటుక్కున పీల్చేసుకుంటుంది. అదే కొండంత సుద్ద ఉంటే? పడిన వాన పడినట్టు లోపలికి దిగిపోతుంది. పైన వాగు ఉండదు, ఊట ఉండదు. కొండ కింద, లోయలో ఎక్కడో బయటపడుతుంది. కొండ మీద ఊరివాళ్లకు వాన కరవు లేదు, నీటి కరవు ఉంది. పైపైన కాస్త బంకమట్టి ఉన్నచోట గుంటలు నిలిచేవి. పశువులు తాగేదీ అవే నీళ్లు, మనుషులు తాగేదీ అవే. ఎండలు ముదిరితే ఆ గుంటలూ ఎండేవి. ఇక బిందె... బిందె కాదులెండి, బకెట్టు పట్టుకుని నడవాలి. మన రాయలసీమ ఆడవాళ్లకు చెప్పాల్సిన పని లేదు, వాళ్లు పడ్డ కష్టమే.

ఇప్పుడు కథలోకి ఎడ్వర్డ్ రీడ్ అనే మనిషి వస్తాడు. స్టోక్ రో పక్కన ఇప్స్‌డెన్ అనే ఊరి భూస్వాముల ఇంటివాడు. కంపెనీ కొలువులో చేరి మన దేశం వచ్చాడు. వాయవ్య రాష్ట్రాలు అనేవారు అప్పట్లో, ఇప్పటి ఉత్తరప్రదేశ్ ప్రాంతం, అక్కడ పెద్ద పదవుల్లో పనిచేశాడు. 1831లో ఆజంగఢ్‌లో జనం కోసం బావి తవ్వించడంలో సాయపడ్డాడు. కాశీ మహారాజు ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్‌కు, ఈయనకు స్నేహం. రామనగర్ కోటలో ఉండే రాజు. రామనగర్ రామలీలకు అంత పేరు రావడంలో ఈయన చేయి చాలా ఉంది.

స్నేహితులు కూర్చుంటే ఏం మాట్లాడుకుంటారు? మా ఊళ్లో ఇలాగ, మా ఊళ్లో అలాగ. రీడ్ తన చిన్ననాటి సంగతి ఒకటి చెప్పాడట. వాళ్ల వైపు ఒక పిల్లవాడు ఇంట్లో మిగిలిన ఆఖరి నీళ్లు తాగేశాడని తల్లి వాణ్ని కొట్టింది. అంతే సంగతి. పెద్ద ఉపన్యాసం ఏమీ కాదు. రాజు విన్నాడు. 1860లో రీడ్ ఉద్యోగం ముగించుకుని స్వదేశం వెళ్లిపోయాడు. రాజు మర్చిపోయి ఉంటే మనం ఏమైనా అనగలమా? ఎంతమంది ఎన్ని వింటారు. 1862లో రాజు నుంచి కబురు వచ్చింది: మీ ఊరివాళ్ల కోసం బావి తవ్విస్తాను, ఎక్కడ తవ్వాలో మీరే చూడండి అని.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. దీనిలో రాజకీయం లేదా? ఉంది. 1857 అయిదేళ్ల కిందటి మాట. ఆ తిరుగుబాటులో కాశీరాజు ఇంగ్లీషువారి పక్షాన నిలిచాడు. రీడ్ ఆ రోజుల్లో ఆగ్రాలో పాలన చూసినవాడు. ఇంగ్లండుకు కానుక పంపడం వల్ల రాజుకు వచ్చే మన్నన ఏమిటో రాజుకు తెలుసు. పని మొదలుపెట్టింది కూడా 1863 మార్చి 10న, అంటే యువరాజు ఎడ్వర్డ్ పెళ్లి రోజున. పూర్తయిన బావిని తెరిచింది 1864 మే 24న, విక్టోరియా రాణి పుట్టినరోజున. ముహూర్తాలు ఎవరి కోసం పెట్టారో చెప్పనక్కరలేదు. అయితే నేను ఒకటి అంటాను. రాణిగారి మన్నన కావాలంటే రాణిగారికే వజ్రాలు పంపవచ్చు. కొండ మీద కూలివాళ్లకు నీళ్లు పంపాలని ఎందుకు తోచింది? ఆ దెబ్బలు తిన్న పిల్లవాడు రాజు మనసులో ఉండిపోయాడని నేను అనుకుంటాను. మీరు ఒప్పుకోకపోయినా సరే.

ఇక బావి. దీని లోతు 368 అడుగులు. మళ్లీ చెప్తున్నాను, 368 అడుగులు. లండనులో సెయింట్ పాల్స్ గుడి చూశారు కదా, దాని శిలువ కొస వరకు 365 అడుగులు. ఆ గుడిని తీసుకువెళ్లి ఈ బావిలో నిలువునా దించితే మునిగిపోతుంది. కాకపోతే పట్టదు. ఎందుకంటే బావి వెడల్పు 4 అడుగులు.

అనంతపురం నుంచి వచ్చినవారు, నల్లగొండ నుంచి వచ్చినవారు ఇక్కడ ఉన్నారు. 368 అడుగులు ఒక లెక్కా, మా చేలో బోరు అంతకు రెట్టింపు వేశాం అంటారు. నిజమే. నేను కూడా వేయించాను. కానీ అది ఆరున్నర అంగుళాల బోరు. రిగ్గు లారీ వస్తుంది, రాత్రికి రాత్రి దించేసి పొద్దున్నే డబ్బులు తీసుకుని పోతుంది. స్టోక్ రోలో దించింది మనిషిని. యంత్రం లేదు. గునపం, పార, బుట్ట. నాలుగు అడుగుల గుండ్రంలో మనిషి వంగి తవ్వాలంటే మోచేయి గోడకు తగులుతుంది. ఇంకొకరికి చోటు ఉండదు. ఒక్కడే. పైకి చూస్తే ఆకాశం రూపాయి బిళ్లంత కనిపిస్తుంది. మన దగ్గర పాత బావుల్లో పూడిక తీయడానికి దిగే ముందు లాంతరు దించి చూసేవారు, గుర్తుందా? దీపం ఆరిపోతే మనిషి దిగడు. 40 అడుగుల బావికే అంత భయం. ఆ పాత బావుల్లోకి నేను దిగాను. 60 అడుగుల దగ్గర నాకు కాళ్లు వణికాయి, సిగ్గు లేకుండా చెప్తున్నాను. 368 అడుగులు అంటే నేను ఊహించుకోలేను.

ఇంటికి వచ్చి లెక్క కట్టాను, ఊరుకోలేక. గోడ మందం వదిలేసినా 4,600 ఘనపుటడుగుల పైన మట్టి, సుద్ద. ప్రతి బుట్టనూ తాడుతో పైకి లాగాలి. పద్నాలుగు నెలలు పట్టింది. అంటే సగటున రోజుకు అడుగు కూడా పడలేదు. ఆ తవ్విన వాళ్ల పేర్లు గుమ్మటం మీద లేవు. మన గుళ్ల మీద శిల్పుల పేర్లు ఎన్ని ఉన్నాయి గనక, ఇక్కడివాళ్లను అనడానికి.

జల పడిన రోజు ఎలా ఉండి ఉంటుంది? బావి తవ్వించినవాళ్లు ఇక్కడ ఉంటే చెప్పండి. అడుగున తడి తగలగానే తవ్వేవాడు ఒక కేక వేస్తాడు. ఆ కేకకు పైన ఉన్నవాళ్లు కొబ్బరికాయ కొడతారు. అక్కడ కొబ్బరికాయ ఉండదు, కేక మాత్రం తప్పకుండా వేసే ఉంటారు.

ఖర్చు 353 పౌన్ల 13 షిల్లింగుల 7 పెన్నీలు. ఆ 7 పెన్నీలు కూడా రాసిపెట్టారు. నేను సంతకాలు పెట్టిన ఎస్టిమేట్లు గుర్తొచ్చి నవ్వుకున్నాను, అవన్నీ గుండ్రంగా ఉండేవి. బావి చూసుకునే మనిషికి పక్కనే ఒక చిన్న ఇల్లు కట్టారు, ఎనిమిది పలకల ఇల్లు. దానికి 74 పౌన్ల 14 షిల్లింగుల 6 పెన్నీలు. ఇల్లు ఇప్పటికీ ఉంది, ముద్దుగా ఉంటుంది.

నీళ్లు తోడే ఏర్పాటు చూడండి, అది నాకు బాగా నచ్చింది. చేత్తో తిప్పే పెద్ద చక్రం, పళ్ల చక్రాలు. వాలింగ్‌ఫర్డ్‌లో వైల్డర్ అనే కర్మాగారంవాళ్లు చేశారు. ఒక చేద కిందికి పోతుంటే ఇంకో చేద పైకి వస్తుంది. మన గిలక బావికి రెండు చేదలు కట్టినట్టే. నిండిన చేద పైకి రావడానికి ఎంతసేపు? సుమారు పది నిమిషాలు. ఇప్పుడు మనం కుళాయి కింద చెంబు పెట్టి అర నిమిషం ఆగలేం.

ఇప్పటిదాకా చెప్పింది బావి గొప్ప. నేను ఇవాళ చెప్పాలని వచ్చింది అది కాదు.

మన వైపు నేను ఎన్నో బావులు చూశాను. దాతల పేర్లు పాలరాతి మీద ఉంటాయి, బావిలో మాత్రం తుమ్మచెట్టు ఉంటుంది. ఎందుకు? తవ్వించే రోజున అందరూ ఉంటారు. తాడు తెగిన రోజున ఎవరుంటారు? గిలక అరిగిన రోజున? పూడిక తీయాల్సిన ఏడు? బావి తవ్వించడం ఒక ఎత్తు, దాన్ని పోషించడం పది ఎత్తులు. ఈ సంగతి ఆ కాశీరాజుకు, ఈ రీడ్‌కు తెలుసు.

ఏం చేశారో చూడండి. బావి పక్కన నాలుగు ఎకరాల నేల తీసుకుని చెర్రీ తోట వేశారు. దానికి రాజు పేరు మీద ఈశ్రీ బాగ్ అని పేరు పెట్టారు. ఇంగ్లీషు పల్లెలో బాగ్! ఆ తోట పళ్లు అమ్మిన డబ్బుతో బావిని నడపాలి. ఊరివాళ్లు నీళ్లకు కానీ కూడా ఇవ్వక్కరలేదు. బావికి ధర్మకర్తలను పెట్టారు. అంటే చెర్రీ చెట్టు కాస్తే బావి తిరుగుతుంది. మన గుళ్లకు మాన్యాలు రాసేవారే, దీపధూప నైవేద్యాలకు ఫలానా చేను అని, సరిగ్గా అదే ఆలోచన. దేవుడి బదులు బావికి మాన్యం.

తోటలో ఒక కొలను కూడా తవ్వించారు. చేప ఆకారంలో. ఎందుకంటే కాశీ రాజుల చిహ్నం చేప. మన పెద్దలు సప్తసంతానాలు అని చెప్పారు. ఎవరైనా ఏడూ చెప్పగలరా? పిల్లలు వద్దు, పెద్దవాళ్లు చెప్పండి. తటాకం, నిధి, అగ్రహారం, దేవాలయం, వనం, కృతి, పుత్రుడు. భేష్ అమ్మా. లెక్క పెట్టండి మరి: కొలను ఉంది, తోట ఉంది, బావి పోషణకు నిధి ఉంది. ఏడింటిలో మూడు ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోనే సంపాదించాడు. ఆ ఊళ్లో కాలు పెట్టకుండానే.

తవ్వించి ఊరుకోలేదు కూడా. 1871లో రాణిగారి కూతురు లూయీజ్ పెళ్లి అయితే, దాని పేరు మీద అక్కడ కాలిబాట వేయించాడు. 1882లో విండ్సర్‌లో రాణి మీద తుపాకీ కాల్పులు జరిగి ఆమె బతికి బయటపడితే, స్టోక్ రో జనానికి రొట్టె, టీ పొడి, పంచదార పంచి భోజనం పెట్టించాడు. గండం గడిచిందని అన్నదానం! ఇంతకంటే మన పద్ధతి ఏముంది చెప్పండి.

ఈ బావి తవ్వే నాటికే మన గోదావరి మీద కాటన్ దొర ఆనకట్ట కట్టి పదేళ్లు దాటింది. ఇంగ్లండు నుంచి వచ్చిన మనిషి మనకు నీళ్లు పారించాడని మనం విగ్రహాలు పెట్టుకున్నాం, పెట్టుకోవాలి కూడా. అటు నుంచి ఇటు వచ్చిన నీళ్ల కథ అందరికీ తెలుసు. ఇటు నుంచి అటు వెళ్లిన నీళ్ల కథ మనకే తెలియదు.

20వ శతాబ్దం వచ్చాక ఊరికి కుళాయిలు వచ్చాయి, బావితో పని తగ్గుతూ వచ్చింది. చెర్రీ చెట్లకు ముసలితనం వచ్చింది. అయినా ధర్మకర్తలు ఉన్నారు కదా. 1964లో బావికి నూరేళ్లు నిండితే ఉత్సవం చేశారు. అప్పటి రాణి ఎలిజబెత్ భర్త ఫిలిప్ వచ్చాడు. కాశీ నుంచి గంగాజలం తెప్పించి ఈ బావి నీళ్లలో కలిపారు. మన ఇళ్లలో దేవుడి అలమరలో కాశీచెంబు ఉంటుంది చూడండి, సీలు వేసి, ఎవరికో ఆఖరి గుక్కకు దాచి ఉంచేది, ఆ గంగ. అది స్టోక్ రో బావిలో కలిసి ఉంది.

ఈ 1964ను గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే నాకు మనసు చివుక్కుమన్న సంగతి ఒకటి ఆ సంవత్సరంలోనే ఉంది. విజయనగరం మహారాజు, మన పూసపాటివారు, విజయరామ గజపతిరాజు. విజయనగరం రాజులకు కాశీతో ఎంత సంబంధమో మీకు తెలుసు, అక్కడ వాళ్లకు భవనమే ఉండేది. ఆయన 1867లో, అంటే స్టోక్ రో బావి తెరిచిన మూడేళ్లకు, లండను హైడ్ పార్కులో జనం మంచినీళ్లు తాగడానికి ఒక ఫౌంటెన్ కట్టించి ఇచ్చాడు. రాతితో, శిఖరాలతో, చర్చిలాగా అందంగా ఉండేది. మన తెలుగు రాజు లండనులో పెట్టిన చలివేంద్రం అనుకోండి. అది ఇప్పుడు ఎక్కడుంది? లేదు. తీసేశారు. ఎప్పుడు? 1964లో.

అక్కడ కొండ మీద పల్లెటూళ్లో కాశీరాజు బావికి నూరేళ్ల పండుగ. ఇక్కడ మహానగరం నడిబొడ్డున విజయనగరం రాజు ఫౌంటెన్‌కు గునపం. అదే ఏడు. హైడ్ పార్కు ఫౌంటెన్‌కు చెర్రీ తోట లేదు. చుట్టూ దాన్ని నాది అనుకునే ఊరు లేదు. అంతకంటే కారణం నాకు కనిపించదు. విజయనగరం వాళ్లు ఇక్కడ ఇద్దరు ముగ్గురు ఉన్నారు, మీరు ఏమంటారో కాఫీ దగ్గర చెప్పండి.

యాత్ర నిర్వాహకులు గడియారం చూపిస్తున్నారు. బావి ఒక్కటే కాదు, ఊళ్లో ఇంకా ఏముందో రెండు ముక్కల్లో చెప్పమన్నారు. చర్చి ఉంది, 1846 నాటిది. గోడలు దగ్గరగా చూడండి, చెకుముకి రాళ్లతో కట్టారు. సుద్దలోనే దొరికే నల్లరాళ్లు అవి, పగలగొడితే గాజులాగా మెరుస్తాయి. అడవిలో నడవడానికి బాటలు ఉన్నాయి. ఒకప్పుడు ఈ చిల్టర్న్ అడవుల్లో బాడ్జర్లు అనే పనివాళ్లు గుడారాలు వేసుకుని, బీచ్ కర్రతో కుర్చీ కాళ్లు తరిణె పట్టి హై వికమ్ కుర్చీల కర్మాగారాలకు పంపేవారు. ఏప్రిల్ చివర, మే మొదట్లో వెళ్తే చెట్ల కింద నేలంతా నీలిపూలు. తలెత్తితే గద్దలు. ఎర్ర గద్దలు, తోక చీలి ఉంటుంది. ఇంగ్లండులో ఈ జాతి అంతరించిపోతే 1989 నుంచి అయిదారేళ్ల పాటు స్పెయిన్ నుంచి పిల్లలను తెచ్చి ఈ కొండల్లో వదిలారు. ఇప్పుడు ఎటు చూసినా అవే. భక్తితో గరుడ దర్శనం అనుకుని దణ్ణం పెట్టుకోండి, అభ్యంతరం లేదు, కానీ చేతిలో పూరీ ఉంటే గట్టిగా పట్టుకోండి. అవి మనిషి చేతిలోది ఎత్తుకుపోతాయి.

వచ్చే ఆదివారం బావి దగ్గర ఒక పని చేయండి. పిల్లలను ఆ చక్రం ముందు నిలబెట్టి, ఫోనులో పది నిమిషాలు పెట్టి, చేద పైకి వస్తోందనుకోమనండి. నేను మా మనవడితో చేయించాను. మూడో నిమిషానికి వాడు ఏనుగు ఎక్కవచ్చా అని అడిగాడు. అయిదో నిమిషానికి తాతయ్యా దాహం అన్నాడు.

అందుకని బయలుదేరే ముందు సీసాల్లో నీళ్లు నింపుకుని రండి. ఆ బావిలో ఇప్పుడు తోడుకోనివ్వరు.